రాసినవి దాచుకోవడం, చూపవలసినవి ఎంచుకోవడం

(విశాఖపట్నంలో కొత్త రచయితల కోసం ఏర్పాటైన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

సభలోని పెద్దలకు, తోటి రచయితలకు, ఈ మధ్యనే రాయడం మొదలుపెట్టి ఈ ఆదివారం ఉదయం ఇక్కడికి వచ్చిన యువతీయువకులకు నమస్కారం. నన్ను మాట్లాడమన్న విషయం రచనల పోర్ట్‌ఫోలియో. నేను ఒక దినపత్రిక డెస్క్‌లోనూ, ఆ తరువాత దాని ఆదివారం అనుబంధంలోనూ కలిపి 27 ఏళ్ళు పనిచేశాను. ఆ కాలమంతా నేను చూసిన ఒక ఇబ్బంది ఉంది. బాగా రాసేవారినే పిలిచి, “మీ రచనలు ఓ నాలుగు తెచ్చి చూపించండి” అంటే వారం పదిరోజుల గడువు అడిగేవారు. ఒక కథ అక్కగారి ఊళ్ళో ఉందనేవారు. ఇంకొకటి అచ్చయిన సంచికను ఎవరో చదివి ఇస్తామని పట్టుకెళ్ళారనేవారు. ఇప్పటి పిల్లలు “ఫోను మార్చినప్పుడు పోయింది సార్” అంటున్నారు. చివరికి వారు తెచ్చేది తమ మంచి రచనలు కాదు, ఆ వారంలో చేతికి దొరికినవి. వాటిని చూసి మేము వారిని అంచనా వేసేవాళ్ళం. ఆ అంచనా చాలాసార్లు తప్పని ఏళ్ళు గడిచాక, వారి పుస్తకం చదివినప్పుడు తెలిసేది.

పోర్ట్‌ఫోలియో అనే మాట ఇటాలియన్ భాష నుంచి వచ్చింది. ఆకులను, అంటే కాగితాలను, మోసుకుపోయేది అని దాని అర్థం. మనకు ఆ ఊహ కొత్త కాదు. మన పూర్వులు తాటాకులకు రంధ్రాలు చేసి, తాడు గుచ్చి, పైనా కిందా చెక్కపలకలు పెట్టి బిగించి కట్టేవారు, గ్రంథం అన్న మాటలోనే కట్టడం, గుచ్చడం అన్న అర్థం ఉంది. అయితే మనం ఈ ఒక్క మాటతో రెండు వేర్వేరు పనులను కలిపేస్తున్నాం. రాసిన ప్రతిదాన్నీ దాచుకోవడం ఒక పని. అందులోంచి ఒక మనిషికి, ఒక అవసరానికి తగినవి కొన్ని తీసి చూపడం రెండో పని. మొదటిదానిలో ఏదీ వదలకూడదు, రెండోదానిలో దాదాపు అన్నీ వదిలేయాలి. మొదటి పని చేయనివాడికి రెండోది చేతకాదు, ఎందుకంటే తన దగ్గర ఏముందో తెలియనివాడు దేన్ని ఎంచుకోగలడు?

దాచుకోవడం గురించి నాకు ఈ ఊరే పాఠం చెప్పింది. 2014 అక్టోబరు 12, ఆదివారం, హుద్‌హుద్ తుఫాను ఈ ఊరి మీదుగా తీరం దాటిన రోజు. అప్పుడు మేము పెదవాల్తేరులో రెండో అంతస్తులో ఉండేవాళ్ళం. సముద్రం వైపు కిటికీ అద్దాలు పగిలి, గాలీ వానా కలిసి గదిలోకి వచ్చాయి. ఆ గదిలో బీరువా మీద ఒక అట్టపెట్టెలో, 1978 నుంచి నేను రాసినవన్నీ ఉన్నాయి. మేము ప్రాణాలు చూసుకున్నాం కానీ పెట్టెను చూసుకోలేదు. గాలి తగ్గాక వెళ్ళి చూస్తే అట్ట నాని, అడుగు ఊడి, కాగితాలన్నీ ముద్దగా నేల మీద ఉన్నాయి. కరెంటు ఎప్పుడు వస్తుందో తెలియదు, ఫ్యాను లేదు. మా ఆవిడ, నేను కూర్చుని ఒక్కొక్క కాగితం విడదీసి, మంచాల మీద, బట్టలారేసే దండేల మీద ఆరబెట్టాం. దినపత్రిక కత్తిరింపులు ఆరిన తరువాత వడియాల్లా ముడుచుకున్నాయి కానీ అక్షరం చెరగలేదు, అచ్చు సిరాలో నూనె ఉంటుంది కాబట్టి నీటికి లొంగలేదు. బాల్‌పెన్‌తో రాసిన ప్రతులు కూడా చాలావరకు నిలిచాయి. ఇంకుపెన్నుతో రాసినవి మాత్రం నీలి మరకలుగా మిగిలాయి, నా తొలి కథల రాతప్రతులన్నీ అలాంటివే. నున్నటి ఆర్ట్ పేపర్ మీద అచ్చయిన పుటలు ఒకదానికొకటి అతుక్కుపోయి, విడదీయబోతే అక్షరాలతో సహా పొరలుగా ఊడివచ్చాయి. ఆ రాత్రి కొవ్వొత్తి వెలుగులో, ఏమేం పోయాయో ఒక కాగితం మీద రాద్దామని కూర్చున్నాను. రాయలేకపోయాను. ఆ పెట్టెలో ఏమేం ఉండేవో నాకే తెలియదు. పోయినవాటికన్నా, పోయినవేవో చెప్పలేకపోవడం నన్ను ఎక్కువగా బాధించింది. ఇవాళ నేను చెప్పే పద్ధతులన్నీ ఆ రాత్రి తరువాత నేర్చుకున్నవే.

ముందు కాగితాల సంగతి చెబుతాను. మన ఊరి ఉప్పుగాలికి ఇనుము ఆగదు. కత్తిరింపులకు గుండుసూది గుచ్చినా, స్టేపిల్ కొట్టినా, ఏడాది తిరగకుండా తుప్పు పట్టి, ఆ తుప్పు చుట్టూ కాగితాన్ని తినేస్తుంది. రబ్బరు బ్యాండు కరిగి అంటుకుంటుంది. సెల్లోటేపు కొన్నేళ్ళకు పసుపు మచ్చ మిగిల్చి ఊడిపోతుంది. మైదా జిగురుతో నోట్‌బుక్కులో అతికిస్తే ఆ మైదా కోసం పురుగులు వస్తాయి. అందువల్ల అతికించడం, గుచ్చడం రెండూ మానేసి, ఒక్కో రచనను ఒక్కో కాగితపు కవరులో పెట్టి, కవరు మీద వివరాలు రాసి, నూలు నాడాతో కట్టండి. దినపత్రిక కాగితంలో కలప గుజ్జు శుద్ధి కాకుండా ఉంటుంది కాబట్టి వెలుతురు తగిలితే అది త్వరగా పసుపెక్కి పెళుసుబారుతుంది. రచన అచ్చయిన వారంలోనే మంచి కాగితం మీద రెండు జిరాక్సులు తీయించుకోవాలి. ఇంకొక ముఖ్యమైన మాట. మన రచన వరకే కత్తిరించి, మిగతా పుటను పారేసే అలవాటు అందరికీ ఉంది, నాకూ ఉండేది. పత్రిక పేరు, తేదీ ఉండేది పుట నెత్తిమీది గీత దగ్గర. ఆ భాగం పారేస్తే పదేళ్ళ తరువాత ఆ కత్తిరింపు ఎక్కడిదో, ఎప్పటిదో చెప్పేవారు ఉండరు. పుట మొత్తం ఉంచండి.

ఫోనుతో తీసే ఫొటోలు అత్యవసరానికి పనికివస్తాయి కానీ, స్కానరు ఉన్న దుకాణంలో 300 డీపీఐ వద్ద, అంటే అంగుళానికి 300 చుక్కల స్పష్టతతో, తీయించిన ప్రతి మళ్ళీ అచ్చు వేయడానికి కూడా పనికివస్తుంది. ఫైలుకు పేరు పెట్టేటప్పుడు ముందు సంవత్సరం, తరువాత నెల, ఆ తరువాత పత్రిక, చివర శీర్షిక రాస్తే కంప్యూటరే వాటిని కాలక్రమంలో నిలబెడుతుంది. ఒక ప్రతి ఇంట్లో, ఒక ప్రతి గూగుల్ డ్రైవ్ వంటి చోట, వీలైతే ఒక పెన్‌డ్రైవ్ మరో ఊరిలో ఉన్న మీ వాళ్ళ దగ్గర ఉండాలి. మరో ఊరు అని ఎందుకంటున్నానో ఆనాటి తుఫానును చూసినవారికి వివరించనవసరం లేదు.

డీటీపీ, అంటే కంప్యూటరులో పుటలు కూర్చి అచ్చుకు పంపడం, మొదలైన రోజుల్లో రాసినవారికి ఇంకొక చిక్కు ఉంది. 1990ల నుంచి చాలాకాలం మన పత్రికలూ, ప్రెస్సులూ అను, శ్రీలిపి వంటి ఫాంట్లలో కంపోజ్ చేసేవి. ఆ ఫైలు లోపల నిజానికి ఉన్నవి ఇంగ్లీషు అక్షరాల సంకేతాలు, ఫాంటు వాటికి తెలుగు రూపం తొడిగేది. ఆ ఫాంటు లేని కంప్యూటరులో అదే ఫైలు తెరిస్తే అర్థంలేని రోమన్ అక్షరాలు, గుర్తులు కనిపిస్తాయి. ఏ కంప్యూటరులోనైనా ఒకేలా చదవగలిగే అక్షర సంకేతాల పద్ధతి యూనికోడ్. అందులో తెలుగుకు 1991 నాటి తొలి రూపం నుంచే చోటు ఉన్నా, మన అచ్చు రంగం అటువైపు చాలా ఆలస్యంగా కదిలింది. మీ దగ్గర, మీ నాన్నగారి దగ్గర, మీ మాస్టారి దగ్గర అలాంటి ఫైళ్ళుంటే వెంటనే యూనికోడ్‌లోకి మార్పించండి. మార్చిన తరువాత మాత్రం మూలంతో పోల్చి ప్రూఫు చదవాలి, వత్తుల దగ్గర, కొన్ని గుణింతాల దగ్గర ఆ మార్పిడి తప్పు చేస్తుంది. అలాగే, మీ రచన అంతర్జాలంలో వస్తే ఆ లింకు దాచుకుని తృప్తి పడకండి. పత్రికలు సైటు మారుస్తాయి, మూసేస్తాయి. వచ్చిన రోజే ఆ పుటను పీడీఎఫ్‌గా దించి, తేదీతో దాచుకోవాలి.

ఇప్పుడు జాబితా గురించి. ఒక పొడవాటి లెడ్జరు పుస్తకం చాలు. రచన శీర్షిక, ప్రక్రియ (కథా, కవితా, వ్యాసమా), రాసిన తేదీ, పంపిన తేదీ, ఎక్కడికి పంపారు, ఏమైంది, అచ్చయితే ఏ సంచికలో ఏ పుటలో, ఏ పేరుతో, పారితోషికం ఎంత, ప్రతి ఎక్కడ ఉంది అన్నవి ఒక్కో గడిలో రాసుకోవాలి. ఏ పేరుతో అన్న గడిని తేలికగా తీసుకోకండి. ఈ ఊరిలోనే న్యాయవాదిగా పనిచేసిన రాచకొండ విశ్వనాథశాస్త్రి గారు తొలిరోజుల్లో వేర్వేరు కలంపేర్లతో రాశారు. అటువంటి పెద్ద రచయిత విషయంలో పరిశోధకులు వెతికి పట్టుకుంటారు, మన విషయంలో అలా వెతికేవారు ఉంటారని అనుకోవడానికి లేదు. రాసిన తేదీ గడి కూడా అంతే ముఖ్యం. ఈ ఊరిలో పుట్టిన శ్రీశ్రీ గారి ‘మహాప్రస్థానం’ పుస్తకంగా వచ్చింది 1950లో, అందులోని గేయాలలో ఎక్కువభాగం 1930లలో రాసినవి. పుస్తకం వచ్చిన సంవత్సరం మాత్రమే తెలిసిన పాఠకుడు ఆ గేయాలను వేరే కాలానికి చెందినవిగా చదువుతాడు. తేదీ రచనలో భాగమని నేను నమ్ముతాను.

తిరగరాసినప్పుడు పాత ప్రతిని చింపవద్దు. గురజాడ వారి ‘కన్యాశుల్కం’ మొదటి కూర్పు 1897లో అచ్చయింది, 1909లో వచ్చిన రెండో కూర్పును ఆయన ఎంతగానో పెంచి, దాదాపు కొత్త నాటకమన్నట్టుగా తిరగరాశారు. రెండూ మిగిలి ఉన్నాయి కాబట్టే ఆయన చేయి ఎలా మారిందో ఇవాళ మనం పక్కపక్కన పెట్టి చూడగలుగుతున్నాం. కంప్యూటరులో రాసేవారు పాత ఫైలు మీదనే దిద్దుతూ పోతారు కాబట్టి వారి దగ్గర చివరి రూపం తప్ప మరేదీ ఉండదు. ప్రతి పెద్ద మార్పుకు ముందు ఫైలును మరో పేరుతో దాచడానికి పట్టేది అర నిమిషం.

పోయినవాటిని వెతుక్కునే దారులు కూడా కొన్ని ఉన్నాయి. నేను పత్రికలకు కథలు పంపిన రోజుల్లో, తిరుగుటపాకు స్టాంపులు అతికించిన కవరు జతచేస్తేనే రాతప్రతి వెనక్కి వచ్చేది. ఒకసారి కవరూ స్టాంపులూ పెట్టి, నకలు తీసుకోకుండా, నాకు చాలా ఇష్టమైన కథను ఒక మాసపత్రికకు పంపాను. వేసుకుంటామని ఉత్తరం వచ్చింది. కథ రాలేదు, ప్రతీ రాలేదు, తరువాత పత్రికే ఆగిపోయింది. ఆ కథను మళ్ళీ రాయడానికి రెండుసార్లు ప్రయత్నించాను. సంఘటనలు గుర్తొచ్చాయి కానీ వాక్యాలు రాలేదు. ఇలాంటి నష్టాలు తెలిసిన మనిషి కాళీపట్నం రామారావు మాస్టారు. ఈ ఊరి బడిలో పాఠాలు చెప్పిన ఆ మాస్టారు, 1995లో సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్న తరువాత, తన సొంత డబ్బు కూడబెట్టి 1997 ఫిబ్రవరిలో శ్రీకాకుళంలో కథానిలయం అనే గ్రంథాలయాన్ని ప్రారంభించారు. తెలుగులో అచ్చయిన ప్రతి కథా ఒకచోట ఉండాలని ఆయన పట్టుదల. హుద్‌హుద్ తరువాతి సంవత్సరం, ద్వారకా బస్ కాంప్లెక్స్‌లో బస్సెక్కి నేను అక్కడికి వెళ్ళాను. పాత వారపత్రికల బైండుల్లో నా కథలు రెండు దొరికాయి, ఒకదాన్ని నేను రాసినట్టే మరిచిపోయాను. నా పేరు అచ్చులో చూసి, నిలబడే చదివాను. కథానిలయం సేకరణ అంతర్జాలంలో కూడా చాలావరకు చూడవచ్చు. ఆంధ్రప్రదేశ్ ప్రెస్ అకాడమీ కూడా పాత పత్రికల సంచికలెన్నో స్కాన్ చేయించింది. అయితే అక్కడ వెతకాలన్నా నెల, సంవత్సరం ఉజ్జాయింపుగానైనా తెలియాలి. మళ్ళీ లెడ్జరు దగ్గరికే వస్తాం.

ఇక ఎంచుకోవడం. రెండేళ్ళ క్రితం ఒక అమ్మాయి మా ఇంటికి వచ్చింది. ఒక పత్రికలో ఫీచర్లు రాసే ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకుంటూ, తన రచనలన్నీ స్పైరల్ బైండింగ్ చేయించి తెచ్చింది. లోపల 43 రచనలు ఉన్నాయి. కాలేజీ సంచికలో వచ్చిన కవితలు, పోటీకి రాసిన వ్యాసాలు, సమీక్షలు, ఉగాది మీద ఒకటి, మాతృభాష మీద మూడు. “అన్నీ పెట్టేశాను సార్, ఏది నచ్చుతుందో తెలియదు కదా” అంది. ఆ మాటలో ఉన్న భయం నాకు తెలుసు, కానీ దాన్ని ఒప్పుకోలేదు. ఎంపిక చేసే పనిని చదివేవాడి మీద వదిలేస్తే అతడు మొదటి రెండు చదివి మూసేస్తాడు. డెస్క్‌లో మేము చేసింది అదే. కుప్పగా వచ్చిన కవర్ల మధ్య, ఒక్కో మనిషికి మేమివ్వగలిగింది పావుగంట. ఆ అమ్మాయి పుస్తకంలో మొదట ఉన్నవి మాతృభాష మీది వ్యాసాలు. వాటిలో తప్పులేదు, కానీ ఎవరు రాసినా అలాగే ఉంటాయి.

వరండాలో కూర్చుని, ఒక్కొక్కటీ విప్పి నేల మీద పరిచాం. ప్రతి రచన దగ్గరా ఒకటే ప్రశ్న అడిగాను. ఇది నువ్వు తప్ప ఇంకొకరు రాయలేనిదా? మధ్యాహ్నానికి అయిదు మిగిలాయి. అప్పుడు, ఇందులో పెట్టనివి ఇంకా ఏమైనా ఉన్నాయా అని అడిగితే, కాస్త తటపటాయించి ఫోనులో ఒక ఫైలు చూపింది. వాళ్ళ అమ్మమ్మ ఫిషింగ్ హార్బరులో చేపల వేలంపాటకు వెళ్ళి, తట్ట నెత్తినెట్టుకుని వీధుల్లో అమ్మేదట. తెల్లవారుజామున అమ్మమ్మతో కలిసి వెళ్ళిన ఒక రోజును రెండు పుటల్లో రాసుకుంది. అచ్చు కాలేదు. తడిసిన సిమెంటు నేల మీద నెత్తళ్ళు అనే చిన్న చేపలు కుప్పలుగా పోసి ఉండడం, పాట పాడేవాడు ధర పెంచుతుంటే అమ్మమ్మ మాట్లాడకుండా గడ్డం ఒక్కసారి కదిపి కుప్పను దక్కించుకోవడం అందులో ఉన్నాయి. “ఏటే అమ్మీ, అలా సూస్తావేటి, తట్ట దించు, పాట అయిపోతంది” అన్న వాక్యం దగ్గర నేను ఆగాను. ఇది ఎందుకు పెట్టలేదని అడిగితే, “మా ఇంటి భాష సార్, బాగుండదేమోనని” అంది. ఆ రచనను మొదట పెట్టించాను. ఈ విషయంలో నాకు గట్టి అభిప్రాయం ఉంది. ఉత్తరాంధ్ర పిల్లలు తమ పోర్ట్‌ఫోలియోలోంచి తీసేసేది సాధారణంగా తమ ఇంటి మాటలో రాసిన రచననే. దాన్ని తీసేస్తే మిగతావన్నీ ఎవరివైనా కావచ్చు.

ఆరు రచనల వరుస గురించి కూడా చాలాసేపు ఆలోచించాం. మొదటిది రచయిత గొంతు వినిపించాలి, అందుకని చేపల పాట. రెండోది పని తెలుసునని చూపాలి కాబట్టి, ఆమె నలుగురిని కలిసి, వివరాలు సేకరించి, అచ్చువేయించుకున్న కథనం పెట్టాం. మధ్యలో ఒక పుస్తక సమీక్ష, ఒక ఇంటర్వ్యూ, ఒక చిన్న వ్యాసం. చివరిది కూడా బలమైనదే కావాలి, ఎందుకంటే కొందరు వెనక నుంచి తిరగేస్తారు, నేనూ అలాగే తిరగేసేవాణ్ణి. కవితలు ఒక్కటీ పెట్టలేదు. అవి బాగాలేక కాదు, ఆ ఉద్యోగానికి వాటితో పని లేదు. అదే అమ్మాయి రేపు కవితా సంపుటికి ప్రచురణకర్త దగ్గరికి వెళితే తను దాచుకున్నవాటిలోంచి వేరే ఆరు తీస్తుంది.

ప్రతి రచనకూ ముందు రెండు మూడు వాక్యాల పరిచయం రాయించాను. ఎవరి కోసం రాసింది, ఎన్ని పదాల్లో రాయమన్నారు, వివరాలు ఎక్కడినుంచి తెచ్చింది, డెస్క్‌లో ఏమైనా మారిందా అన్నవి అందులో ఉంటాయి. ఆఖరి సంగతి దాచవద్దని నా సలహా. సబ్ ఎడిటర్ శీర్షిక మార్చి ఉంటే, మొదటి పేరా తిరగరాసి ఉంటే, ఆ మాట చెప్పి, మీ మూలప్రతిని కూడా జతచేయండి. ఇద్దరు కలిసి రాసినదైతే మీ పాలు ఎంతో స్పష్టంగా రాయండి. మరొకరి పేరుతో వచ్చేలా రాసి ఇచ్చినవి, రాయించుకున్నవారి అనుమతి కాగితం లేకుండా చూపకూడదు. ఈ రంగం చిన్నది, ఒక్క అబద్ధం బయటపడితే పదేళ్ళ నిజాయితీ కొట్టుకుపోవడం నేను కళ్ళారా చూశాను.

అనువాదకులు తమ అనువాదం పక్కన మూలంలోని అదే భాగాన్ని పెట్టాలి, లేకపోతే చూసేవారికి మీ తెలుగు తెలుస్తుంది కానీ మీ అనువాదం తెలియదు. మూల రచయిత అనుమతి ఉందో లేదో కూడా చెప్పాలి. ఆకాశవాణికి ప్రసంగాలు, నాటికలు రాసినవారు ఒప్పంద పత్రాన్ని, ప్రసారమైన తేదీని రచనతో కలిపి దాచుకోవాలి, గాలిలో కలిసిపోయిన రచనకు అదే సాక్ష్యం. సినిమాలకూ వెబ్ సిరీస్‌లకూ రాయాలనుకునేవారు కథ మొత్తం ముందుగా చేతిలో పెట్టవద్దు. ఒక పుట సారాంశం, పూర్తిగా రాసిన రెండు మూడు సన్నివేశాలు చాలు, అవి ఇచ్చేముందు మీ మెయిల్ నుంచి తేదీతో పంపిన ఆధారం మీ దగ్గర ఉండాలి.

హక్కుల గురించి క్లుప్తంగా చెబుతాను. మన దేశంలో 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం, రాసినవారే సాధారణంగా తొలి హక్కుదారులు. ఉద్యోగంలో భాగంగా రాసినదానికి, వేరే ఒప్పందం లేకపోతే, యజమాని హక్కుదారు అవుతాడు. పత్రికా ఉద్యోగి విషయంలో మాత్రం పత్రికలలో ప్రచురించుకునే మేరకే యజమానికి హక్కు, మిగిలినది రాసినవారిదే. హక్కు బదిలీ సంతకంతో కూడిన రాతలో ఉండాలి, నోటిమాట చాలదు. కాబట్టి పత్రికలతో, సంస్థలతో నడిచిన ఉత్తరాలు, మెయిళ్ళు కూడా మీ కట్టలో భాగమే. రచయిత హక్కు ఆయన తదనంతరం 60 ఏళ్ళు ఉంటుంది. మీ తరువాత ఆ కట్ట విప్పేది మీ పిల్లలు, వారికి అర్థమయ్యేలా రాసి పెట్టండి.

నా లెడ్జరులో ఇప్పటికి 212 రచనలు చేరాయి. వాటిలో 19 రచనల ఎదుట, ‘ప్రతి ఎక్కడ ఉంది’ అన్న గడి ఖాళీగా ఉంది. ఒక కథ 1983 వేసవిలో, బహుశా మే లేదా జూన్ నెలలో, ఈ ఊరి నుంచి కొద్దికాలం వెలువడి ఆగిపోయిన ఒక చిన్న పత్రికలో వచ్చింది. పూర్ణా మార్కెట్ దగ్గరి ఒక అద్దె గదిలో, ఇద్దరు అన్నదమ్ములు ఒకే గొడుగుతో ఒక వానాకాలం గడపడం ఆ కథ. శీర్షికలో గొడుగు అన్న మాట ఉంది. ఈ సభలో పెద్దలు చాలామంది ఉన్నారు. మీ ఇళ్ళలో అటకల మీద ఆ కాలపు పత్రికల కట్టలుంటే, అమ్మేసేముందు నన్ను ఒక్కసారి చూడనివ్వండి. నేను ఇంటికి వచ్చి, అక్కడే కూర్చుని చూసుకుంటాను.